తెర వెనుక స్నానం

బేసిన్‌లో నీళ్ళు చల్లారేలోగా మరిది ఖుంబో వస్తే గట్టెక్కినట్టే. రాకపోతే మామగారి ఒంటిని తనే కడగాలి. ఈ రెండో మాట మనసులోకి వచ్చినప్పుడల్లా వెజీ చూపు దానంతట అదే నేలమీదికి జారిపోతోంది, ఇరవై ఏళ్ళుగా అలవాటైన చోటికి, ఆయన పాదాలకంటే ఇంకా కిందికి. మగవాళ్ళ వార్డులో కిటికీ పక్క మంచం. మంచం మీద మామగారు. కుడి పక్కంతా చచ్చుబడి, మాట పడిపోయి, ఎడమ చెయ్యీ ఎడమ కాలూ రెండు కళ్ళూ మాత్రం మిగిలిన మనిషి. ఆయన కింద దుప్పటి తెల్లారుజాము నుంచి తడిసే ఉంది. తడి ఒక్కటే అయితే ఏదో ఒకటి సర్దవచ్చు. తడి ఒక్కటే కాదని వార్డులో అడుగుపెట్టిన ప్రతి ముక్కుకీ తెలుస్తోంది. ఆయనకి అందరికంటే బాగా తెలుసు. తెలుసు గనకే కళ్ళు రెండూ పైకప్పు రేకులకి అతికించేసి, వార్డులో ఇంకెవరూ లేనట్టు పడుకున్నాడు.

బేసిన్ తెచ్చి పెట్టింది తెమ్వా. ఈ పూట వార్డంతటికీ ఆమె ఒక్కతే నర్సు. రెండో ఆమె జ్వరంతో ఇంటి దగ్గర ఉంది, మూడో ఆమెని పురుళ్ళ వార్డు లాక్కుపోయింది, వార్డుబాయ్ ఎవరినో తోసుకుంటూ ఎక్స్‌రేకి పోయి అక్కడే క్యూలో నిలబడ్డాడు. తెమ్వా నర్సింగ్ కాలేజీలో వెజీ దగ్గరే చదువుకుంది. మొదటి బెంచీ, గట్టి గొంతు, ఏదైనా ఒప్పుకునే ముందు ఒకసారి ఎదురు తిరిగి చూసే పిల్ల. ఇప్పుడు కళ్ళ కింద నలుపు వచ్చేసింది.

“నీళ్ళు కాచి తెచ్చాను మేడమ్. ఖుంబో అన్న కోసం ఇంకా ఆగితే నడుము కింద చర్మం ఆగదు. పొద్దున పక్కకి తిప్పి చూశాను, ఎర్రబడింది.”

“ఒక్క పావుగంట నువ్వు రాలేవా?”

“ఆ చివర మంచం ఆయన రక్తం కక్కుతున్నాడు. వదిలిపెట్టి ఎలా రాను?” అని రెండడుగులు పోయి, వెనక్కి తిరిగి, “మీరే కదా మేడమ్ చెప్పేవారు, నర్సు చేతికి చుట్టరికం ఉండదని” అంది.

అది దెప్పడం కాదు. అలిసిపోయిన మనిషి నోట్లోంచి ఊడిపడ్డ మాట. అయినా చెంప మీద తగిలినట్టే తగిలింది. నర్సు చేతికి చుట్టరికం ఉండదు. ఏటా కొత్త పిల్లలకి మొదటి వారంలోనే చెప్పే మాట. కిటికీ అవతల జకరండా చెట్టు ఊదారంగు పూలు రాలుస్తూ ఉంటుంది, లోపల వెజీ నల్లబల్ల మీద నాలుగు గుండ్రాలు గీస్తుంది. మనిషి, మనిషి చుట్టూ ఉండే లోకం, ఆరోగ్యం, నర్సు చేసే పని. నర్సింగ్ సిద్ధాంతం అంతా ఈ నాలుగింటి మధ్యే నడుస్తుందని అంటుంది. వెనక బెంచీలోంచి ప్రతి ఏడూ ఎవరో ఒకరు గొణుగుతారు, ఇవన్నీ పరీక్షకి మేడమ్, వార్డులో కావాల్సింది చేతులు అని. అందరూ నవ్వుతారు. తనూ నవ్వుతుంది. నవ్వాక అడుగుతుంది, గిన్నె తోమే చేతికీ మనిషిని కడిగే చేతికీ తేడా ఏమిటో చెప్పండి చూద్దాం అని. అప్పుడు గది నిశ్శబ్దమవుతుంది. ఆ నిశ్శబ్దంలోకి నెమ్మదిగా అసలు సంగతి దించుతుంది. రోగి తనకు తానుగా చేసుకోగలిగినదాన్ని మనం లాక్కోకూడదు. చేసుకోలేనిదాన్ని మిగల్చకూడదు. ఈ రెండింటి మధ్య గీత ఎక్కడుందో ఏ పుస్తకమూ చెప్పదు, ప్రతి మంచం దగ్గరా ప్రతి పూటా కొత్తగా వెతుక్కోవాలి, ఆ వెతుకులాటే మన వృత్తి. బాగా చెప్పేది. చెప్పేటప్పుడు తన గొంతు తనకే నచ్చేది. తను చదివిన ఏడు తెమ్వా లేచి నిలబడింది. మేడమ్, పుస్తకంలో బొమ్మలో రోగి ఒక్కడే మంచం మీద ఉన్నాడు, మన దగ్గర రోగి ఒక్కడే ఎప్పుడొచ్చాడు, పెళ్ళాం, పిన్ని, చాప, కుండ, కట్టెల మోపు అన్నీ కలిసి వస్తాయి కదా, కడిగేదీ తినిపించేదీ వాళ్ళే కదా, వాళ్ళని ఏ గుండ్రంలో పెట్టాలి? వెజీ ఒక క్షణం ఆగి, మనిషి చుట్టూ ఉండే లోకంలో అంది. క్లాసంతా గొల్లుమంది. మా మేనత్త లోకం అంట, విన్నారా, ఆవిడ లోకం కాదు మేడమ్, భూకంపం, అన్నారెవరో. నవ్వులు సద్దుమణిగాక తెమ్వా ఇంకొకటి అడిగింది. మంచం మీద ఉన్నది మా మామగారే అయితే? అప్పుడు ఇంకో నర్సుని పిలువు, అంది వెజీ, సుద్దముక్క పెట్టెలో పడేస్తూ. క్లాసుగదిలో ఇంకో నర్సు ఎప్పుడూ ఉంటుంది.

“ఇంకా కూర్చునే ఉన్నావేంటమ్మా న్యాచవూలా? నీళ్ళకి పిల్లలు పుడతాయనా?”

పక్క మంచం దగ్గర చాప మీద కూర్చున్న న్యాఫిరీ. సరస్సు ఒడ్డు నుంచి వాచిన కాలుతో ఉన్న మొగుణ్ణి తీసుకొచ్చిన ముసలావిడ. మొగుడు నిద్రపోతుంటాడు, ఆవిడ ఎండుచేపల తలలు తుంపుతూ వార్డు మొత్తానికి కాపలా కాస్తుంటుంది. పెళ్ళయిన ఆడదాన్ని పుట్టింటి పేరుతో పిలవడం ఇక్కడి మర్యాద. కాలేజీలో మేడమ్ అయిన వెజీ ఇక్కడ చవూలా వాళ్ళింటి ఆడపిల్ల మాత్రమే.

“మరిది వస్తున్నాడు అవ్వా. దారిలో ఉన్నాడు.”

“పొద్దుట్నుంచీ దారిలోనే ఉన్నాడు. నువ్వు నర్సమ్మలకే నర్సమ్మవంటగా, ఈ ఊళ్ళో సగం మంది మగాళ్ళని కడిగే ఉంటావు. ఈయనొక్కడికే బంగారం ఉందా?”

“కోడల్ని అవ్వా.”

“మీ న్గోనీ తెగ వాళ్ళకి మర్యాదలెక్కువ, పని చేసే మనుషులు తక్కువ.” ముసలావిడ చేప తల ఒకటి డబ్బాలో వేసింది. గొంతు తగ్గించింది. “నేను కడుగుదునమ్మా. నిజంగానే. కానీ ఆయన్ని తిప్పాలంటే వంగాలి, నా నడుము వంగితే మళ్ళీ లేవదు. అప్పుడు నాకో మంచం వెతకాలి నువ్వు.”

వెజీకి నవ్వు వచ్చింది, వచ్చిన నవ్వు గొంతులోనే ఉండిపోయింది. మామగారి ముందు కోడలు పళ్ళు కనపడేలా నవ్వదు. ఆయన ఉన్న చాప మీద కూర్చోదు, ఆయన ఎదురొస్తే దారి దిగి మోకాళ్ళ మీద కూర్చుంటుంది, ఆయన తినే కంచం వైపు చూడదు, ఆయన పేరు నోటితో పలకదు. ఆసుపత్రిలో చేర్చిన రోజు గుమాస్తా రోగి పేరు అని అడిగాడు. మా ఇంటాయన తండ్రి అంది. పేరమ్మా పేరు, అన్నాడు గుమాస్తా. తెంబో వాళ్ళింటి పెద్దాయన అంది. తెంబోలు ఈ జిల్లాలో ఎంతమందో తెలుసా తల్లీ, అసలు పేరు చెప్పు. వెనక క్యూ అంతా గొణుగుతోంది, చక్రాల కుర్చీలో మామగారి తల పక్కకి వాలిపోతోంది, వెజీ నోరు తెరిచి నిలబడింది, పేరు నాలుక మీదే ఉంది, బయటికి రావడం లేదు. రోగిని పేరు పెట్టి పిలవండి, మనిషి మనిషిగా నిలబడేది తన పేరు మీదే అని క్లాసులో బల్ల గుద్ది చెప్పిన నోరు అదే. సామాను దింపి పరుగెత్తుకొచ్చిన ఖుంబో చెప్పేదాకా మామగారు పేరు లేకుండానే ఉండిపోయాడు.

ఖుంబో ఉన్నన్నాళ్ళూ ఏ ఇబ్బందీ లేదు. కొడుకు కడిగాడు, కొడుకు తిప్పాడు, వెజీ తెర ఇవతల నిలబడి, నేల చూస్తూ, ఎలా తిప్పాలో చెప్పింది. భుజం కింద చెయ్యి వెయ్యి, నడుము కింద ఇంకోటి, లాగకు, దొర్లించు. నిన్న ఊళ్ళో ఎవరో పోయారని కబురొచ్చింది. పెద్దాయన వెళ్ళలేడు గనక ఆయన బదులు పాడె దగ్గర ఇంకెవరైనా నిలబడాలి. ఒక్క రాత్రేగా వదినా, పొద్దున్నే వచ్చేస్తా అని పోయాడు. పొద్దున ఫోన్ చేశాడు. మినీబస్సులకి డీజిల్ లేదంట వదినా, బంకు దగ్గర బారులు తీరి ఉన్నాయి, కంకర లారీ ఒకటి దొరికింది, దాని మీద కూర్చున్నా, వచ్చేస్తున్నా. ఆ తర్వాత ఫోన్ పలకడం లేదు. లుంబానీ ఫోన్ మాత్రం పలికింది. మొగుడు సోంగ్వే సరిహద్దు దగ్గర సిమెంటు లారీతో నిలబడి ఉన్నాడు, ముందు ఎన్ని లారీలున్నాయో చెప్పడానికి కూడా ఓపిక లేని గొంతు. విషయం విని అన్నాడు, నాన్నని నువ్వు మాత్రం ముట్టుకోకు వెజీ, ఆయన బతికి లేస్తే మన గుమ్మం తొక్కడు, నీ చేతి వంట తినడు, నీ నీడ పడే చోటికి రాడు, ఆయన సంగతి నీకు తెలీదా. తెలుసు. చర్మం చిట్లితే ఏమవుతుందో లుంబానీకి తెలీదు. చక్కెర జబ్బు ఉన్న ఒంట్లో నడుము కింద పుండు పడితే అది ఎముక దాకా పోతుంది, జ్వరం వస్తుంది, మనిషిని వాసన ముందు తీసుకుపోతుంది, తర్వాత చావు. ముట్టుకుంటే ఆయన సిగ్గుతో పోతాడు, ముట్టుకోకపోతే పుండుతో పోతాడు. ఇలాంటి ప్రశ్న పరీక్షలో ఇస్తే పిల్లలు ప్రశ్నే తప్పు మేడమ్ అని గొడవ చేసి ఉండేవారు.

ఆయన సంగతి నీకు తెలీదా. తెలియకేం. ఇరవై ఏళ్ళలో ఆయన తనతో నేరుగా ఒక్క మాట మాట్లాడలేదు. తనకి తెలిసినంతగా ఆయన ఎవరికీ తెలియదు. దొడ్లోకి వచ్చే ముందు పెద్దగా దగ్గేవాడు, లోపలున్న కోడలు సర్దుకోవడానికి టైము ఇవ్వాలని. దగ్గు లేని రోజుల్లో కూడా దగ్గేవాడు, అందుకే ఆయనకి నిజంగా దగ్గు పట్టుకున్నప్పుడు ఇంట్లో ఎవరూ గుర్తించలేదు. కోడలికి ఏదైనా చెప్పాలంటే మధ్యలో మూడో మనిషి ఉండాలి. మనిషి లేకపోతే కోడి ఉండాలి. ఓ కోడీ, మేక కూరమళ్ళోకి దూరిందని ఎవరికైనా చెప్పు, అని వాకిట్లో నిలబడి కోడితో అనేవాడు, వంటింట్లోంచి వెజీ కర్ర పట్టుకుని పరుగెత్తేది. డిగ్రీకి సీటు వచ్చిన ఏడు ఆడపడుచులంతా కూర్చుని, ఇంటి కోడలు రెండేళ్ళు రాజధానిలో ఉంటే ఇక్కడ సిమా సంకటి ఎవరు కలుపుతారు అని తగువు పెట్టారు. మామగారు అందరి మధ్యలోంచి లేచి, కోళ్ళగూటి దగ్గరికి పోయి, వంగి, ఓ కోడీ, ఆ పిల్ల పుస్తకాల జోలికి ఈ ఇంట్లో ఎవరైనా వెళితే వాళ్ళు నా శవం మీద మట్టి వేయడానికి రానక్కర్లేదని చెప్పు అన్నాడు. కోడి పారిపోయింది. తగువు ఆగిపోయింది. మొదటి బిడ్డ పుట్టి పోయినప్పుడు ఆయన గదిలోకి రాలేడు కదా, పలకరించలేడు కదా, తెల్లవారుతూనే తలుపు తీస్తే గడప బయట కట్టెల మోపు ఉండేది. ఇక్కడ మగవాళ్ళు కట్టెలు మోయరు. మొదటి రోజు అత్తగారు తెచ్చిందనుకుంది. అత్తగారికి మోకాళ్ళు వంగవని తర్వాత గుర్తొచ్చింది. పచ్చివి కాదు, బాగా ఎండినవి, పొగ రానివి, ఏడ్చే మనిషి కళ్ళకి పొగ కూడా తోడవకుండా ఏరినవి. ఒక్కటొక్కటే ఏరడానికి చీకట్లో ఎంత దూరం పోయాడో ఏమో. అది ఏ గుండ్రంలో పెట్టాలి? పుస్తకంలో ఆప్యాయత గురించి ఒక అధ్యాయం ఉంది, రోగి కళ్ళలోకి చూడండి, చెయ్యి పట్టుకోండి అని. కళ్ళలోకి చూడకుండా, చెయ్యి పట్టుకోకుండా ఇరవై ఏళ్ళు ఒక మనిషిని కాపాడటం ఎలాగో అందులో లేదు.

మధ్యాహ్నం గంట కొట్టారు. చూడటానికి వచ్చేవాళ్ళ కోసం గేటు తీశారు. గిన్నెలు, గుడ్డ మూటలు, పిల్లలు, చెప్పుల చప్పుడు, ఒక్కసారిగా వార్డంతా మనుషులు. కిటికీ పక్కగా పోతూ ఒక పిల్ల అమ్మా ఏంటీ కంపు అంది. తల్లి దాని నోరు మూసి, తన ముక్కుకి చితెంజె అంచు అడ్డం పెట్టుకుని గబగబా దాటేసింది. నడుముకి చుట్టుకునే ఆ పూల గుడ్డ రెండో అంచు మామగారి కాళ్ళకి తగులుతూ పోయింది. వెజీ చూడకూడని చోటికి చూసింది. ఆయన ఎడమ చెయ్యి కదులుతోంది. దుప్పటి అంచు వెతుకుతోంది. దొరికింది. లాగుతోంది, తడి మీదికి, మరక మీదికి, ఎవరికీ కనపడకుండా. లాగిన కొద్దీ దుప్పటి అటు పక్క కాలు కింద చిక్కుకుని బయటపడుతోంది. మళ్ళీ లాగుతున్నాడు. తనకు తానుగా చేసుకోగలిగింది చేస్తున్నాడు. అంతే చేయగలడు. అక్కడితో ఆయన పని అయిపోయింది, అక్కడి నుంచి మొదలయ్యేది ఇంకెవరిదో పని, ఆ ఇంకెవరో కంకర లారీ మీద ఎక్కడో ఉన్నారు.

వెజీ లేచింది. వార్డుకంతటికీ ఉన్న ఒక్క తెరనీ చివర మంచం దగ్గర్నుంచి ఈడ్చుకొచ్చింది. చక్రం ఒకటి విరిగి ఉంది, నేల మీద కీచుమని అరిచింది, వార్డంతా ఇటు చూసింది. చూడనీ. “అదీ” అంది న్యాఫిరీ, తన చాప జరిపి, తెరకీ జనానికీ మధ్య గడప దగ్గర కుక్కలా అడ్డంగా కూర్చుంటూ. “ఇటు ఎవరూ రారు. వస్తే చేప తలతో కొడతా.”

తెర లోపల వెజీ ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. చేతులు కడుక్కోవడం, రోగికి చెప్పడం, అనుమతి అడగడం, ఈ వరస తప్పకూడదు. ఎలా అడగాలి? ఇక్కడ మూడో మనిషి లేడు. కోడి కూడా లేదు. ఆమె బేసిన్ వైపు తిరిగింది.

“ఓ బేసినూ” అంది చిన్నగా, “ఈ ఇంటి పెద్దాయనకి చెప్పు. కొడుకులిద్దరూ దారిలో చిక్కుకుపోయారు. ఇక్కడున్న నర్సుకి తీరిక లేదు. నడుము కింద చర్మం చిట్లేలా ఉంది. ఇక్కడ ఇంకో నర్సు ఉంది. ఆమె తలెత్తదు, చూడకూడనిది చూడదు, బయట ఎవరికీ చెప్పదు. ఆయనకి వద్దనిపిస్తే ఎడమ చెయ్యి ఎత్తమను. ఆమె లేచి తెర బయటికి పోయి కూర్చుంటుంది.”

నీళ్ళు కదలలేదు. తెర అవతల ఎవరో నవ్వారు, ఎవరికో గంజి తాగమని నచ్చజెబుతున్నారు. మంచం మీద ఎడమ చెయ్యి లేచింది. వెజీ బేసిన్ తీసుకుని లేవబోయింది. చెయ్యి గాల్లో ఆగలేదు. దిండు పక్క మడత పెట్టి ఉన్న చితెంజె గుడ్డ దాకా పోయింది, దాని కొస పట్టుకుంది, లాగింది, మడత విడిపోయే దాకా లాగి, నెమ్మదిగా, తడుముకుంటూ, ఆయన దాన్ని తన ముఖం మీద కప్పుకున్నాడు. కొస వదల్లేదు. గుప్పిట్లో పట్టుకునే ఉన్నాడు, గాలికి కూడా లేవకుండా. సరే అనడమా అది, చెయ్యి అని ఆజ్ఞా, నేను ఇక్కడ లేను అనుకోండి అనా. వెజీకి తెలియలేదు. ఎడమ చెయ్యి ఎత్తమంది తనే కదా. ఎత్తాడు కదా. ఎత్తి, ఆ పని చేశాడు కదా. ఆమె తడిగుడ్డ పిండింది.

చేతులకి దారి తెలుసు. ఒక్కో భాగమే తెరవాలి, మిగతాదంతా కప్పి ఉంచాలి. పడిపోయిన చెయ్యి ముందు, వేళ్ళ మధ్య, చంకలో, ఆరబెట్టి కప్పేయాలి. పిల్లలకి చెప్పేది, స్నానం మురికి కోసమే కాదు, మనిషిని చదవడం కోసం, చర్మం చూడండి, గోళ్ళు చూడండి, అన్నిటికంటే ముఖం చూస్తూ ఉండండి, ముఖం దాచలేదు అని. ఇక్కడ ముఖం మీద ఎర్రపూల గుడ్డ ఉంది. ఆ గుడ్డ వైపు కూడా ఆమె చూడలేదు. దాని మీద తడి చెయ్యి సోకకుండా, చుక్క పడకుండా, మెడ దాకా వచ్చి అక్కడే ఆగిపోయింది. ఛాతీ. ఎముకలు. భుజాలు లుంబానీవే, లుంబానీ ముసలివాడైతే ఇలా ఉంటాడు, ఎడమ భుజం కింద అదే పుట్టుమచ్చ, తండ్రి దగ్గర్నుంచి కొడుక్కి వచ్చిందన్నమాట, ఇన్నేళ్ళూ తనకి తెలియదు, తెలియకూడదు కూడా. మోకాలి కింద పాత మచ్చ, గొడ్డలిదేమో. కట్టెలు కొట్టినప్పటిదా? ఆ ఆలోచన రాగానే చేతులు ఒక్క క్షణం ఆగిపోయాయి. కళ్ళు తుడుచుకోవడానికి చేతులు ఖాళీ లేవు, మోచేత్తో తుడుచుకుంది. ఇప్పుడు తిప్పాలి. “ఓ బేసినూ, కుడివైపుకి తిరుగుతున్నామని చెప్పు.” భుజం కింద ఒక చెయ్యి, నడుము కింద ఒకటి, లాగకుండా దొర్లించింది. ఆయన సాయం చేశాడు. బతికున్న సగం ఒళ్ళు ఊపందుకుంది, ఎడమ మడమ పరుపుని తన్నింది, గుడ్డ పట్టుకున్న చెయ్యి పట్టుకున్నట్టే ఉంచి మోచేత్తో ఊతం తీసుకున్నాడు. మంచి రోగి. క్లాసులో చూపించదగ్గ రోగి. నడుము కింద ఎర్రటి మచ్చ, చిట్లలేదు, ఇంకా చిట్లలేదు. దాని చుట్టూ మెత్తగా తుడిచి, వాజిలీన్ రాసి, పాత దుప్పటి చుట్ట చుట్టి తీసి, కొత్తది పరిచి, వెనక్కి తిప్పింది. బరువుగా తిరిగాడు. మడతలు సాపు చేసింది. మడత ఒక్కటి మిగిలినా పుండుకి దారి అవుతుంది. ఛాతీ దాకా దుప్పటి కప్పింది. అయిపోయింది. వాసన లేదు. సబ్బు వాసన మాత్రమే.

ముఖం మీది గుడ్డ తీయాలా? తీస్తే ఆయన ముఖం తనకి ఎదురుగా ఉంటుంది, ఈ పని అయిన వెంటనే ఉండే ముఖం. ఆయనే కప్పుకున్నాడు, ఆయనే తీసుకుంటాడు, తనకు తానుగా చేసుకోగలిగినదాన్ని లాక్కోకూడదు. వెజీ తెర బయటికి వచ్చి, మంచానికి వీపు పెట్టి, న్యాఫిరీ పక్కన నేల మీద కూర్చుంది. చూడకుండా కూర్చోవడం ఒక్కటే ఇప్పుడు ఆయనకి తను ఇవ్వగలిగిన మర్యాద.

“అయిందా?”

“అయింది అవ్వా.”

“తిట్టాడా?”

“లేదు.”

“మరి ఏడుస్తావేంటి?” ముసలావిడ తన కప్పులో మిగిలిన చల్లటి టీ వెజీ చేతిలో పెట్టింది. చక్కెర ఎక్కువ. తాగింది. లుంబానీకి ఏం చెప్పాలి, చెప్పకపోతే? ఆయన లేచి నడిచాక వాకిట్లో దగ్గుతాడా? ఇక మీదట కోడితో అయినా మాట్లాడతాడా? మాట్లాడకపోయినా ఫరవాలేదు, పుండు లేకుండా లేస్తే చాలు, గుమ్మం తొక్కకపోయినా చాలు, వంట న్యాఫిరీ లాంటి ఎవరో వండి పంపిస్తారు.

ఖుంబో వచ్చినప్పుడు తల నుంచి కాలి దాకా రాతిపొడి. కనుబొమలు తెల్లగా, ముసలివాడిలా ఉన్నాడు. “వదినా, టైరు కూడా పేలిపోయింది, ఏం చెప్పను” అంటూనే తెర వెనక్కి పోయాడు. “నాన్నా. ఇదిగో వచ్చాను.” ఆగాడు. “నిద్రపోతున్నావా? ఈ గుడ్డేంటి ముఖం మీద?” మళ్ళీ ఆగాడు. ఆ రెండో ఆగడంలో వెజీకి తెలిసిపోయింది. పాతికేళ్ళుగా నర్సు పని చేస్తున్న మనిషికి తెర అవతలి నిశ్శబ్దం చాలు.

“వదినా.”

కప్పు పడేసి లోపలికి దూసుకుపోయింది. గుడ్డ మళ్ళీ ముఖం మీదే ఉంది, ఖుంబో అరచెయ్యి దాన్ని అదిమి పట్టుకుని ఉంది. ఆమె తల వంచుకునే రెండు వేళ్ళు గుడ్డ కింద మెడ దగ్గర పెట్టింది. ఇంకో పక్క పెట్టింది. ఏమీ లేదు. చర్మం అప్పుడే వేడి విడుస్తోంది. న్యాఫిరీ నడుము సంగతి మర్చిపోయి తెమ్వా కోసం పరుగెత్తుతున్న చప్పుడు.

“కడిగినట్టున్నారు” అన్నాడు ఖుంబో. “ఎవరు?”

“నేనే.”

“ఆయనకి తెలుసా, నువ్వని?”

“తెలుసు. గుడ్డ ఆయనే కప్పుకున్నాడు.”

“అందుకా. వేళ్ళు విడిపించలేకపోయాను. కొస వదలడం లేదు.”

ఎప్పుడు? తెమ్వా వచ్చి అడిగే మొదటి ప్రశ్న అదే, ఏ నర్సయినా అడిగేది అదే, ఊపిరి ఎప్పుడు ఆగింది మేడమ్ అని. వెజీ చేతులు వెనక్కి పోతున్నాయి, దుప్పటి మడతలు, వాజిలీన్, ఎర్రమచ్చ, కుడివైపుకి తిప్పడం. అప్పుడు సాయం చేశాడు. మడమ తన్నింది, అది నిజం. వెనక్కి తిప్పినప్పుడు? బరువుగా తిరిగాడు. అలిసిపోయాడనుకుంది. సాయం చేశాడా? మోచేయి కదిలిందా? చేతులకి గుర్తు లేదు. అన్నీ గుర్తుపెట్టుకునే చేతులకి ఇదొక్కటీ గుర్తు లేదు. ముఖం చూసి ఉంటే తెలిసేది.

“ఖుంబో, ముఖం ఎలా ఉంది?”

“అంటే?”

“చూశావు కదా. ఎలా ఉంది?”

“ఏం చూడాలో నాకేం తెలుసు వదినా? నాన్న ముఖమే.”

ఆమె మంచానికి వీపు తిప్పి నిలబడింది. తెర బట్ట ఎదురుగా, కళ్ళకి అంత దగ్గరగా, నేత పోగులు కనపడుతున్నాయి. “గుడ్డ ఎత్తు. నేను చెబుతాను. నుదురు చూడు. ముడి పడి ఉందా?”

“లేదు. సాపుగానే ఉంది.”

“పళ్ళు బిగించి ఉన్నాడా?”

“లేదు. నోరు కొంచెం తెరుచుకుంది.”

“పెదాలు ఏ రంగు?”

“మామూలుగానే... కొంచెం పాలిపోయి.”

ఊపిరాడక కాదు. నొప్పితో కాదు. గుండె ఆగిపోయి ఉండాలి, ఒక్కసారిగా. ఆమె గొంతులో క్లాసు గొంతు తిరిగి వస్తోంది, దాన్నే పట్టుకుని నిలబడింది.

“కళ్ళు?”

“మూసే ఉన్నాయి, కుడిది కొంచెం సందు వదిలి. చెంపలు తడిగా ఉన్నాయి వదినా.”

పక్షవాతం పడిన వైపు కన్ను దానంతట అదే కారుతుంది. రెప్ప పూర్తిగా మూసుకోదు గనక. అది ఏడుపు కాదని, కంగారు పడొద్దని రోగి వాళ్ళకి చెప్పాలి. వెజీ తెర అంచు గట్టిగా పట్టుకుంది.

“ఏ వైపు? కుడివైపేనా?”

ఖుంబో వంగిన చప్పుడు. రాతిపొడి దుప్పటి మీద రాలిన చప్పుడు కూడా వినిపించింది.

“రెండు వైపులా” అన్నాడు. తర్వాత, ఆమె కోసమే కాబోలు, “స్నానం నీళ్ళు పడి ఉంటాయిలే వదినా” అన్నాడు.

“అయ్యుంటుంది” అంది వెజీ.

ఆ ముఖం దగ్గరికి ఆమె ఒక్క చుక్క కూడా పోనివ్వలేదు.